వేలితొడుగు

తడిపిన పేముబద్దను కుర్చీ చట్రం కిందనుంచి పైకి లాగి బిగిస్తుండగా అతని భుజం మీద రెండు వేళ్లు తట్టాయి. తలెత్తకుండానే అక్క అని పోల్చుకున్నాడు. కుట్టుమిషను నూనె వాసన ముందే వచ్చి చెప్పింది. చెయ్యి తుడుచుకుని అరచేయి చాపాడు. అందులో ఆమె చూపుడువేలు గబగబా నడిచింది.

"ఒరేయ్, లే. పెద్ద కుర్చీ ఆఫీసరు రమ్మన్న వేళవుతోంది. ఆ చొక్కా ఏమిట్రా, తిరగేసి వేసుకున్నావు."

"నాకెలాగూ కనపడదు. చూసేవాళ్లకు కాస్త కాలక్షేపం," అన్నాడు.

చిన్నప్పుడు ఒకే జ్వరం అతని కళ్లనీ చెవులనీ కలిపి పట్టుకుపోయింది. మాట ఒక్కటీ మిగిలింది. మిగిలినదాన్ని అతను దాచుకోలేదు. పగలు కార్ఖానాలో కుర్చీలు అల్లేవాడు. సెలవు దొరికితే కుర్చీల్లో కూర్చున్నవాళ్లతో పోట్లాడేవాడు. అందుకే అందరికీ కుర్చీల మామయ్య అయ్యాడు. ఈయన అల్లిక మరీ గట్టిది, అందుకే కూర్చున్న ఆఫీసర్లు లేవడంలేదు అని కార్ఖానా మేస్త్రి అంటుండేవాడు. పోస్టాఫీసు మెట్ల పక్కన వాలుబాట, ఆస్పత్రి కిటికీ దగ్గర చక్రాలకుర్చీకి అందే ఎత్తులో బల్ల, అన్నీ ఆ నోటి చలవే. వాటి మీద అతని పేరు లేదు. వాటిని అతను చూడనూ లేదు.

ఆ నోటికి చెవి అక్క. వాళ్లూ వీళ్లూ అన్నదంతా అతని అరచేతిలో రాసేది. తొందరలో తలకట్లు ఎగరగొట్టేది. దీర్ఘాలు తీసే ఓపిక తనకు లేదనేది. ఒత్తులు మాత్రం గట్టిగా ఒత్తేది. లోకం అతనికి చాలాసార్లు చెయ్యిచ్చింది. అక్క మాత్రం నిజంగానే చెయ్యి ఇచ్చింది, రోజూ.

కొన్నాళ్లుగా ఆ ఒత్తులు తేలిపోతున్నాయి. ఏమైందని అడిగితే, "నీ అరచెయ్యే మొద్దుబారింది, నా వేలు కాదు," అని రాసింది. అలా రాస్తూనే మధ్యలో ఒకచోట ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ ఆగడం అతని మనసులో ముల్లులా ఉండిపోయింది. ఇవాళ అడగబోయేది అందుకే. తనలా చూపూ వినికిడీ రెండూ లేనివాళ్లు ఆస్పత్రికో కచేరీకో వస్తే, చేతిలో రాసి చెప్పే ఒక దుబాసీని సర్కారే జీతమిచ్చి పెట్టాలి. అక్క వేలు అలిసిపోయేలోగా.

ఆఫీసు గదిలో ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. నేల చల్లగా ఉంది. ఎదుటి మేజా అంచు అతని మోకాలికి తగులుతోంది. ఆఫీసరు చెయ్యి కలిపాడు. మెత్తటి చెయ్యి, చెమ్మగా ఉంది, నడిమివేలి పక్కన కలం పట్టి కాసిన కాయ.

చాలా ఏళ్ల కిందట ఇలాంటి గదిలోనే ఒక ఆఫీసరు అతను మాట్లాడుతుండగా లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు అక్క రాలేదు. తన గోడంతా ఖాళీ కుర్చీకి చెప్పుకున్నాడు, మధ్యలో రెండుసార్లు దానికి దణ్ణం కూడా పెట్టాడు. ఆ సంగతి మర్నాడు తెలిసింది. అప్పటినుంచి అతని దగ్గర ఒకటే చట్టం. ఎవరు వెళ్లినా భుజం తట్టి వెళ్లాలి. అక్కది ఇంకో పద్ధతి. బట్టలు కుట్టేటప్పుడు సూది దిగకుండా వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగును అతని ఎడమ అరచేతిలో పెట్టి వెళ్లేది. వచ్చి తీసుకుంటాను అని దానర్థం. ఎప్పుడూ వచ్చి తీసుకుంది.

అతను చెప్పుకున్నాడు. గొంతు పెరిగినప్పుడల్లా అక్క మోకాలు నొక్కి తగ్గించింది. ఆఫీసరు జవాబు అరచేతిలోకి మెల్లగా వచ్చింది.

"మీకు అక్కగారున్నారుగా, మీకేం లోటు అంటున్నాడు."

దాని కింద ఆమె తన మాట చేర్చింది. "ఎన్నాళ్లుంటుందో అడుగు."

అతను నవ్వాడు. అడగబోతుండగా ఎడమచేతిలో ఇత్తడి తొడుగు వచ్చి పడింది. బల్ల ఆమె బరువు వదిలి కొంచెం లేచింది. మంచినీళ్లకు వెళ్లిందనుకున్నాడు.

కాసేపటికి నేల అదిరింది. ఒకటి కాదు, చాలా కాళ్లు. తలుపు తెరుచుకున్న గాలి మొహానికి కొట్టింది. తర్వాత ఏమీ లేదు. మళ్లీ ఖాళీ కుర్చీ. ఈసారి దణ్ణం పెట్టదలుచుకోలేదు.

"లేచిపోయారా? పోండి. కుర్చీకే చెప్తాను, అది నా చేతుల్లో పుట్టిందే," అన్నాడు. మోకాలు నొక్కేవాళ్లు లేరు, గొంతు ఎంత పెరిగిందో అతనికి తెలియదు. "అక్క ఉందిగా అంటారు. రేపు నా ఇంట్లో మనిషి పోతే నాకు చెప్పేదెవరండీ? పక్కనే కూర్చుని ఉంటాను. అన్నం పెట్టమని అడుగుతూ ఉంటాను. నాకెవరు చెప్తారు?"

ఇంకా చాలా చెప్పాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఒక చెయ్యి వచ్చింది. భుజం తట్టలేదు. అతని వేళ్లను తడుముకుని, విడదీసి, అరచేయి వెతుక్కుంది. చెమ్మ. కలం కాయ. ఒక వేలు బడిపిల్లాడిలా పెద్ద 'అ' రాసింది. తర్వాత 'క'. దాని కింద ఒత్తు దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

తర్వాతి మాట కోసం అతను ఎదురుచూశాడు.

"అక్క? నీళ్లకెళ్లిందండీ. ఇదిగో, తొడుగు నా దగ్గరే ఉంది."

వేలు మళ్లీ అదే మాట రాసింది. ఇంకేం రాయాలో దానికి తెలియలేదు. చివరికి ఆ చెయ్యి అతని చేతిని మూసి, పట్టుకుని, వదల్లేదు.

వరండా బెంచీ దగ్గరికి తీసుకెళ్లారు. మోకాళ్ల మీద కూర్చుని వెతికితే చూపుడువేలు దొరికింది. కొసన ఇత్తడి తొడుగు నొక్కిన గుంట. ఇంకా పూర్తిగా చల్లబడలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి అతనే ఆమె అరచేతిలో రాశాడు, తలకట్లతో, దీర్ఘాలతో, నిదానంగా. తొడుగు మర్చిపోయావు అక్కా.

ఉత్తర్వు తర్వాత వచ్చింది. దుబాసీగా ఒక అమ్మాయి కూడా వచ్చింది. ఆమె ఒక్క ఒత్తు పొల్లుపోనివ్వదు, ఒక్క దీర్ఘం ఎగరగొట్టదు. చొక్కా తిరగేసి వేసుకున్నా ఏమీ అనదు. ఆ రోజు గదిలో జరిగింది అక్కడివాళ్లను అడిగి ఆమే రాసి చెప్పింది: వరండాలో ఆవిడ కూలిపోతే అందరూ అటు పరుగెత్తారనీ, మీరు మాట్లాడుతూనే ఉన్నారనీ, ఆఫీసరుగారు తలుపు దగ్గర నిలబడి విన్నారనీ. అతను తలూపాడు. ఆమెకు ఎప్పుడూ కుడిచెయ్యే ఇస్తాడు.

కార్ఖానాలో పనయ్యాక, మిగతావాళ్లు భుజం తట్టి వెళ్లిపోయాక, అతను బల్ల మీద ఒక పక్కకు జరిగి కూర్చుంటాడు. కొన్ని సాయంత్రాలు రెండోపక్క బల్ల కొంచెం కిందికి దిగినట్టుంటుంది. మిషను నూనె వాసన వచ్చినట్టుంటుంది. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి వేళ్లన్నీ పూర్తిగా విప్పుతాడు, తీసుకునేవాళ్లకు అడ్డం రాకుండా. అరచేతి మధ్యలో ఇత్తడి తొడుగు, ఖాళీ నోరు పైకి పెట్టి, అతని వేడితో వెచ్చగా.