ఢిల్లీల గెలుస్తం

బొగ్గుగని ల్యాంపురూములో, చార్జింగు నుంచి తీసిన ఒక్కో క్యాప్‌ల్యాంపును మొగిలి వెలిగించి చూసి, కిటికీలోంచి అందిస్తున్నాడు. అవతలి చెయ్యి తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తుంది. దాన్ని మేకుకు తగిలించి ఇతను దీపం ఇస్తాడు. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని. ముఖాల కంటే చేతులే అతనికి బాగా గుర్తు. చూపుడువేలికి గోరు లేని చెయ్యి వచ్చేసరికి తలెత్తలేకపోయాడు.

అది సదయ్యది. ఇవాళ్టితో రిటైరు.

మొగిలి చదివింది ఏడో తరగతి. అయినా గోదావరిఖనిలోని ఆ గనిలో, మొదటి షిఫ్టుకు సుప్రీంకోర్టు సంగతులు చెప్పే పెద్దమనిషి అతనే. పేపరు ముందుగా ల్యాంపురూముకే వస్తుంది మరి. తండ్రి ఉద్యోగం పిల్లలకిచ్చే పథకం మీద కేసు ఢిల్లీకి చేరినప్పుడు, మోకాళ్లు అరిగిన సదయ్య మెడికల్ బోర్డుకు పోతానన్నాడు. అక్కడ అన్‌ఫిట్ అని రాస్తే, ఆ కేసుతో పనిలేకుండానే కూతురు సంధ్యారాణికి ఉద్యోగం వచ్చేది.

"ఆగు బావ. ఢిల్లీల గెలుస్తం. నడిచేటోనివి, అన్‌ఫిట్ అనిపించుకునుడెందుకు?" అన్నాడు మొగిలి, కోర్టు తన మేనమామదైనట్టు. గెలిచాక దరఖాస్తు తనే నింపుతానని పిల్ల పాస్‌పోర్టు ఫొటోలు కూడా తీసుకున్నాడు.

ఓడిపోయారు. కొలువు ఆస్తి కాదని, బయటి పిల్లలకూ అవకాశం ఉండాలని కోర్టు అంది. చదువుతుంటే మొగిలికే అది న్యాయంగా తోచింది. అప్పటికి సదయ్యకు మిగిలిన సర్వీసు రెండేళ్లలోపుకు వచ్చింది, దాంతో బోర్డుకు పోయే అర్హతా పోయింది. సంధ్యారాణి ఇప్పుడు బట్టల దుకాణంలో రోజంతా నిలబడి చీరలు మడతపెడుతోంది. సదయ్య తిట్టినా బాగుండేదని మొగిలి రోజూ అనుకున్నాడు.

మూడింటికి సదయ్య దీపం తిరిగిచ్చాడు. ముఖం నిండా బొగ్గు, మెడలో తోటివాళ్లు వేసిన దండ. మొగిలి సొరుగులోంచి కవరు తీశాడు.

"బిడ్డ ఫొటోలు, బావ. నేనాపకపోతే నువ్వు ఆనాడే బోర్డుకు..."

"నువ్వు జెప్పినవనే గద, కేసు నడిచిన ఆ రెండేండ్లు ఫికర్ లేకుంట పండుకున్న." సదయ్య కవరు వెనక్కి తోశాడు. "ఉండనీ. ఢిల్లీల మల్ల మారుతదేమో. మారదా?"

ఆ పైన ఇంకో కోర్టు లేదని మొగిలికి తెలుసు. ఈసారైనా నిజం చెబుదామని నోరు తెరిచాడు.

"మారొచ్చు, బావ."

సదయ్య తలూపి, కుంటుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు. మొగిలికి తన మీద తనకే అసహ్యం వేసింది. సొరుగులో పెట్టబోతుంటే కవరులోంచి ఫొటోలు జారాయి. చున్నీకి పిన్ను పెట్టుకున్న సంధ్యారాణి, ఉద్యోగం వచ్చినట్టే నవ్వుతూ, ఒకే కాగితం మీద నాలుగుసార్లు, ఇంకా కత్తిరించకుండా.