రెండు నోళ్ల మాట

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తాను అటు తిరగగానే బిడ్డ ఊపిరి ఆగిపోతుందని. పనికి బయలుదేరే ముందు నిద్రపోతున్న పసివాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కొచ్చి చూసేది.

"వాడి ఊపిరి వాడు తీసుకుంటాడులే, నువ్వు బస్సు అందుకో తల్లీ," అని అత్తగారు సాగనంపేది.

పదో తరగతిలోనే చదువు ఆగిపోయిన మనిషిని పత్రికాఫీసు వాళ్లు పనిలో పెట్టుకున్నది ఆ భయం చూసే కాబోలు. ఏ మాటనూ ఒక పట్టాన నమ్మదు. విలేకరులు రాసిందాంట్లో నిజమెంతో అచ్చుకు వెళ్లకముందే ఫోన్లు చేసి కనుక్కోవడం ఆమె పని. ఆఫీసులో అందరూ అనుమానాలమ్మ అనేవారు. ఏ విషయమైనా ఇద్దరిని వేర్వేరుగా అడిగి, ఇద్దరూ అవునన్నప్పుడే వాక్యం పక్కన ఎర్ర టిక్కు పడాలి. పేజీలు చూసే ఎడిటరు దీన్ని రెండు నోళ్ల మాట అనేవాడు.

ఆ రోజు వచ్చిన వ్యాసం చదువుతుంటే కడుపు నిండినట్టనిపించింది. దూరపు ఊళ్లో ఒక వీధి, ఒంటరి ముసలివాళ్లను కంటికి రెప్పలా చూసుకునే ఇరుగుపొరుగు. అందులో ఒకామె బట్టలు కుట్టే అవ్వ, అందరూ మిషన్ అవ్వ అంటారట. పచ్చ తలుపు ఇంట్లో ఒక్కతే ఉంటుందట. రోజూ పొద్దున్నే పక్కింటివాళ్లు తలుపు తట్టి పలకరిస్తారట.

అవ్వ ఎడమ పక్కింటావిడకు ఫోన్ చేసింది. "అవ్వను రోజూ పలకరిస్తారటగా, నిజమేనా అండీ?"

"అయ్యో, నిజం కాక! మా వీధిలో ఆ లోటుండదమ్మా."

కుడి పక్కింటాయన ఇంకా ధీమాగా చెప్పాడు. "రాసుకో అమ్మాయీ. పెద్దక్షరాలతో రాసుకో."

రెండు నోళ్లూ అయ్యాయి. ఎర్ర టిక్కు పెట్టేసింది.

టీ గ్లాసు చేతికి రాగానే అలవాటుగా ఇంటికి ఫోన్ చేసింది. "బాబు బాగున్నాడా అత్తయ్యా?"

"భేషుగ్గా ఉన్నాడు. మీ వదిన దగ్గర ఆడుకుంటున్నాడు."

వెనకనుంచి ఆడపడుచు గొంతు వినిపించింది. "నా దగ్గరేంటమ్మా? నీ మంచం మీదేగా పడుకోబెట్టావు?"

అవతల అడుగులు పరిగెత్తాయి. ఏదో గిన్నె దొర్లింది. ఆమె చేతిలో టీ ఒలికి ఒళ్లో పడింది. చుర్రుమన్నా కదల్లేదు.

"ఉన్నాడు, ఉన్నాడు! ఉతికిన బట్టల గుట్ట వెనక్కి దొర్లి నిద్రపోతున్నాడు దొంగ వెధవ!"

"ముక్కు దగ్గర వేలు పెట్టండి అత్తయ్యా."

"పెట్టాను."

"పెట్టి చెప్తున్నారా, పెట్టకుండానా?"

"నీ అనుమానం పాడుగానూ! ఇదిగో, వెచ్చగా తగుల్తోంది. చాలా?"

ఫోన్ పెట్టేసి వ్యాసం ముందుకు లాక్కుంది. ఇద్దరు ఆడవాళ్లున్న ఇల్లు. ఒకరు చూస్తున్నారని ఇంకొకరు. ఎదురుగా ఎర్ర టిక్కు. అవ్వ పక్కింటివాళ్లిద్దరినీ తాను నిజమేనా అని అడిగింది. మీరు చూశారా అని అడగలేదు.

మళ్లీ ఎడమ పక్కింటికి చేసింది. "అవ్వను మీరు చివరిసారి ఎప్పుడు చూశారండీ?"

"నేనా? మోకాలి ఆపరేషనయ్యాక నేను మంచం దిగితే కదమ్మా! కుడివైపాయన చూస్తున్నాడుగా."

"మిషన్ చప్పుడైనా వినిపిస్తోందా?"

అవతల గొంతు తగ్గింది. "ఈమధ్య... వినలేదమ్మా. ఎవర్నయినా పిలుద్దామంటే ఎదురింటికి తాళం. ఒకటే వాన, వీధిలో పిట్ట లేదు."

కుడివైపాయనకు మళ్లీ చేస్తే, వానలు మొదలైనప్పటినుంచి కూతురి ఊళ్లో ఉన్నాడట. "ఎడమవైపావిడ ఉందిగా, వదిలిపెడుతుందా?" అన్నాడు.

వ్యాసం రాసిన విలేకరికి చేస్తే, అప్పటికే ఇంకో ఊళ్లో ఉన్నాడు. "నాకూ వాళ్లే చెప్పారు. నేను వెళ్లినప్పుడు అవ్వ తలుపేసుంది. పడుకుందేమో అనుకున్నా."

"ఏ వేళప్పుడు?"

"పట్టపగలే," అని నసిగాడు.

అక్కడి పోలీస్ స్టేషన్‌కు చేస్తే, "చూస్తాంలెండి," అన్నారు. ఎవరు చూస్తారండీ అని అడిగేలోపు లైను పోయింది.

ఎడిటరు గడియారం కేసి చూశాడు. "పేజీ పంపాలి. ఆ వాక్యం పీకెయ్, గొడవొదిలిపోతుంది."

"పీకేస్తే ఆవిణ్ని ఇంకెవరూ చూడరు సార్. ఆ ఊరికి ఆఖరి బస్సు కూడా వెళ్లిపోయింది. తెల్లారేసరికి అక్కడికి చేరేది మన పత్రికొక్కటే."

ఆయన ఆమె ఒళ్లోని టీ మరక చూశాడు. "సరే. నాలుగు ముక్కల్లో రాయి."

ఎర్ర టిక్కు మీద అడ్డగీత గీసి, ఆమె రాసింది:

"మిషన్ అవ్వను రోజూ పలకరిస్తారన్న మాట మేం నిర్ధారించుకోలేకపోయాం. నేను చూశానన్న మనిషి ఒక్కరూ దొరకలేదు. మీరు ఆ వీధివాళ్లయితే, పక్కవాళ్లు చూసే ఉంటారని అనుకోకండి. పత్రిక కింద పెట్టి, వెళ్లి పచ్చ తలుపు తట్టండి. లోపలినుంచి మాట వినిపించేదాకా తట్టండి. వినిపించకపోతే తలుపు తెరిపించి, దగ్గరికెళ్లి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడండి."