బెజ్జం లేని ఉయ్యాల

శుక్రవారం వచ్చిందంటే ఆ ఇంట్లో చుక్క నీరు నిలవ ఉండేది కాదు. ఇల్లాలు డ్రమ్ము బోర్లించి పీచుతో తోమేది. పూలకుండీల కింద పళ్ళేలు తుడిచేది. ఫ్రిజ్జు వెనకాల ట్రే కూడా లాగి పారబోసేది. దోమల తనిఖీకి ఆరోగ్యశాఖ నర్సమ్మ వచ్చి, మూత పెట్టిన డ్రమ్మును ఫోనులో ఫొటో తీసుకుని, శుభ్రమైన ఇల్లని అందులోనే గుర్తు పెట్టి, "నీ ఇంటికి మళ్ళీ పచ్చరంగేనమ్మా! వీధి మొత్తానికి నువ్వే ఫస్టు," అనేది.

"దాని శుభ్రం తగలెయ్య! తాగడానికి గ్లాసెడు నీళ్ళు మిగల్చదు," అని అత్తగారు లోపలినుంచి సణిగేది.

భర్త టైర్ల యార్డులో పనివాడు. యార్డు ఓనరు ఫోనులో బొమ్మలు చూసి వేలితో నొక్కితే చాలు, సముద్రాల అవతల అరిగిపోయిన టైర్లు ఓడెక్కి వచ్చేసేవి. అక్కడ చెత్త, ఇక్కడ సరుకు. వాటిని ఏరడం, బెజ్జాలు వెతికి మూయడం ఇతని పని. "బెజ్జం పడ్డ టైరూ, మాట పడ్డ మనిషీ ఒకటే. పాత విలువ మళ్ళీ రాదు," అని యార్డులో అనుకునేవారు.

ఏడేళ్ళ కూతురు ఒకచోట నిలవదు కనుక పిచ్చుక అని పిలిచేవారు. అది ఉయ్యాల కోసం పేచీ పెడితే ఓనరే ఒక టైరు ఇచ్చాడు. "ఆడుకోనీ. కానీ కొయ్యకు, పొడవకు. పిల్లకి మోజు తీరాక తెచ్చెయ్. ఇంకో రెండేళ్ళు రోడ్డు మీద తిరుగుతుందది," అన్నాడు. తండ్రి దాన్ని పెరట్లో ఇనపకమ్మీకి వేలాడదీశాడు.

ఆ ఏడు చలి పడాల్సిన నెలలో వాన పడింది.

"గౌను వెనకంతా తడేంటే? మళ్ళీ పంపు దగ్గర ఆడావా?"

"లేదమ్మా! ఉయ్యాలే నా మీద ఉమ్మేసింది."

"నువ్వు దాన్ని ఏమన్నావో!" తల్లి నవ్వి గౌను మార్చింది.

వారం తిరక్కుండా పిల్లకి జ్వరం తగిలింది. డెంగీ అన్నారు. నాలుగోనాడు ఒళ్ళు చల్లబడితే గండం గడిచిందనుకున్నారు. అసలు గండం అప్పుడే మొదలైంది. ఆరోనాడు ఆసుపత్రి మంచం ఖాళీ చేసి పిచ్చుక ఎగిరిపోయింది.

"వారం వారం తోమావుగా, ఏం తోమావే? ఎక్కడో నిలవ పెట్టే ఉంటావు!" అంది అత్తగారు. భర్త కూడా ఆమెనే అనుమానంగా చూశాడు. ఇల్లాలు ఇల్లంతా మళ్ళీ బోర్లించింది. సీసా మూతలు కూడా వదల్లేదు. ఎక్కడా ఏమీ లేదు.

పలకరించడానికి వచ్చిన నర్సమ్మ పెరట్లో నిలబడి, మాటల్లో పడి ఉయ్యాల మీద చెయ్యి ఆన్చింది. టైరు ఒరిగింది. లోపలి మడతలోంచి నల్లటి నీళ్ళు జారి నేలమీద పడ్డాయి. ఆ తడిలో సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"రాత్రంతా దోమతెర కట్టాను కదండీ," అంది తల్లి.

"ఇది పగలు కుట్టే దోమ, తల్లీ."

భర్త కూలబడిపోయాడు. "కింద చిన్న బెజ్జం పెడితే కారిపోయేవి. నాకు తెలుసు. టైరు పాడవుతుందని పెట్టలేదే..." పదిహేనేళ్ళు బెజ్జాలు మూసిన చెయ్యి, పెట్టాల్సిన ఒక్కటీ పెట్టలేకపోయింది. అత్తగారు కోడలి వైపు చూడలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇల్లాలు ఏడవలేదు. "మా ఇంటికి పచ్చరంగు వేశారు కదా నర్సమ్మా. ఆ యార్డుకి ఏ రంగు వేశారు?"

నర్సమ్మ తల దించుకుంది. "ఈ ఫోనులో యార్డులు లేవమ్మా. ఇళ్ళే ఉన్నాయి." నేలమీది పురుగుల్ని చెప్పుతో నలిపి అంది: "ఈ దోమ గుడ్డు ఎండిన టైరులో నెలల తరబడి బతికే ఉంటుంది. ఓడలో వస్తుంది, తడి తగిలితే లేస్తుంది. ఇదివరకు చలి మన తరఫున దోమల్ని అణిచేది. ఆ చలినీ మనుషులమే తరిమేశాం."

మర్నాడు ఇల్లాలు ఆ టైరును తనే దొర్లించుకుంటూ యార్డుకు వెళ్ళింది. గేటు దగ్గర మగని గూటం, చీల అడిగి తీసుకుని, అందరి ముందూ దానికి బెజ్జం పొడిచింది. గదిలోంచి ఓనరు పరుగున వచ్చాడు.

"అయ్యో, ఎంత పనిచేశావమ్మా! బంగారంలాంటి టైరు!"

"మీ దగ్గర ఇంకా ఉన్నాయి కదయ్యా," అందామె, వాననీటితో మెరుస్తున్న గుట్టల్ని చూపించి. "ఒక్కసారి వాటిల్లోకి తొంగి చూడండి. మా డ్రమ్ములోకి అందరూ చూశారు."

ఓనరు తొంగి చూడలేదు. చేతిలో ఫోను మోగింది. ఇంకో ఓడ బయల్దేరిందట. భర్త ఒక్కడే కదిలి, చీల అందుకుని, గుట్టలో మొదటి టైరు ముందు కూర్చున్నాడు. ఓనరు అరుస్తూనే ఉన్నాడు.

ఇల్లు కడుక్కోవడం మన బాధ్యతే, కాదనడం లేదు. కానీ లాభం కోసం లోకమంతటినీ మురికి చేసేవాణ్ణి వదిలేసి, ఇల్లాలి డ్రమ్ములోకి మాత్రమే తొంగి చూసే సమాజం తన పిల్లల్ని తన చేతులతోనే పాతిపెట్టుకుంటుంది.