డాక్టరుగారి సమోసాలు

మా సర్జన్ సత్యప్రసాద్ గారు తిట్టేది హిందీలో, బుజ్జగించేది తెలుగులో. ఆపరేషన్ థియేటర్లో ఆయన గొంతు లేచిందంటే బయట స్ట్రెచర్ తోసే మనోహర్ కూడా పిల్లిలా నడుస్తాడు. కేసు అయిపోగానే ఆయన చల్లబడతారు. సారీ అన్న మాట మాత్రం నోటి వెంట రాదు. దానికి బదులు ఖుర్సీపార్ బజారు నుంచి సమోసాలు తెప్పిస్తారు. ఓ మోస్తరుగా తిడితే సమోసాలు, గట్టిగా తిడితే పైన జిలేబీ. "ఇవాళ్టివి జిలేబీ తిట్లే" అని మేం నవ్వుకునేవాళ్ళం. థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ని నేనే కాబట్టి పంచిపెట్టేదీ నేనే. ఒళ్ళు మండేది, అయినా తినేదాన్ని.

ఆయన చెడ్డవారు కాదు. పేషెంటు చేజారిపోతాడేమోనన్న భయం ఆయనకు అరుపుగా బయటికొస్తుంది, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. కొత్తగా వచ్చిన కృష్ణప్రియకు ఎలా తెలుస్తుంది?

ఆ పిల్ల ఇక్కడే, ఈ హిందీవాళ్ళ ఊళ్ళో, రుఆబాంధా పేటలో పుట్టి పెరిగింది. హిందీ గడగడా మాట్లాడుతుంది, తెలుగుకి తడబడుతుంది. చేతులు మాత్రం చురుకు. అందుకే కత్తెర్లూ క్లాంపులూ అందించడానికి డాక్టరుగారి పక్కన నిలబెట్టాను.

ఆ మధ్యాహ్నం సింహాద్రి అనే కిరాణా కొట్టాయన్ని తెచ్చారు. స్కూటర్ మీంచి పడి కడుపులో ప్లీహం చితికిపోయింది. పొట్ట తెరిచేసరికి లోపలంతా రక్తం. కృష్ణప్రియ క్లాంపు అందించడం కాస్త ఆలస్యమైంది. "అంధీ హో క్యా? ముంహ్ బంద్, హాథ్ చలావ్!" అని, కళ్ళు కనబడవా అన్నట్టు డాక్టరుగారు విరుచుకుపడ్డారు. పిల్ల నోరు మూసుకుని చేతులు ఆడించింది.

ప్లీహం తీసేశారు. ఇక మూసేద్దామని కుట్లు మొదలుపెట్టారు. అంతలో మత్తు డాక్టరు వెంకటరత్నంగారు, "ఆగు ప్రసాద్, బీపీ పడిపోతోంది" అన్నారు. కుట్లు విప్పి చూస్తే లోపల రక్తనాళానికి కట్టిన ముడి జారి రక్తం ఊరుతోంది. మళ్ళీ కట్టి, రక్తం ఎక్కించి, ఎలాగో గట్టెక్కించారు. సింహాద్రి బతికాడు.

జిలేబీతో సహా పొట్లాలు వచ్చాయి. కృష్ణప్రియ ఓ మూల కూర్చుని ఏడుస్తోంది. ఏమైందని దగ్గరికి తీసుకున్నాను.

"దీదీ, ఖూన్ నాకు ముందే కనిపించింది. బీపీ పడకముందే. సార్ మళ్ళీ తిడతారని డర్ లగా, చెప్పలేదు. రేపటి నుంచి నన్ను వార్డులో వేసేయండి."

పిల్ల మీద కోపం రాలేదు. పొట్లం పట్టుకుని తిన్నగా డాక్టరుగారి గదికి వెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఏటిది రజనీ?"

"ఇవి మాకొద్దు సార్. ఆ పిల్ల రక్తం ముందే సూసింది. సూసి కూడా సెప్పలేదు. మీరు నోరు ముయ్యమన్నారు, మూసింది. ఈసారి వెంకటరత్నం సార్ సూసారు. ఇంకోసారి ఆయన కూడా సూడకపోతే ఏటి సేస్తారు?"

అరుస్తారనుకున్నాను. ఆయన పొట్లాన్ని పక్కకి జరిపారు. "జారిపోయిన ముడి నేనేసిందే కదా" అన్నారు. ఆ మొహం చూస్తే నాకు జాలేసింది. అయినా మెత్తబడలేదు.

"ఆ మాట నాతో కాదు సార్, ఆ పిల్లతో అనండి" అని వచ్చేశాను.

మర్నాడు గాల్‌బ్లాడర్ కేసు. కృష్ణప్రియనే పక్కన నిలబెట్టమన్నారు. కత్తి అందుకోబోతూ ఆగి, "అమ్మా, నిన్నటి తప్పు నాది. సారీ. నాకు కనపడనిది నీ వైపు నుంచి కనపడుద్ది. అనుమానమొస్తే ఆపు" అన్నారు. ఆ మాట ఆయన నోట వింటానని నేననుకోలేదు. పిల్ల తలూపింది. నమ్మినట్టు మాత్రం లేదు. నిజం చెప్పాలంటే నేనూ నమ్మలేదు.

ఆపరేషన్ సగంలో ఉండగా పిల్ల గొంతు వినబడీ వినబడకుండా లేచింది. "సార్, రుకియే. అక్కడ కింద... ఖూన్."

అందరం బిగుసుకుపోయాం. ఆయన చేయి ఆపి, వంగి, గాజుగుడ్డతో అద్ది అంతా వెతికారు. ఏమీ లేదు. కడిగిన నీళ్ళు ఎర్రగా నిలిచాయి, అంతే. మాస్కు పైన ఆయన కళ్ళు చిట్లించారు. ఇక మొదలవుతాయి తిట్లు అనుకున్నాను.

"నీళ్ళేనమ్మా" అన్నారు ఊపిరి బిగబట్టి వదిలి. "మళ్ళీ కనపడితే మళ్ళీ ఆపు."

ఆ కేసు అయ్యేలోగా ఆ పిల్ల ఆయన్ని ఇంకో రెండుసార్లు ఆపింది. రెండుసార్లూ ఏమీ లేదు. రెండుసార్లూ ఆయన చేయి ఆపి చూశారు.