అత్తయ్య చూసిన పొగమంచు

మా లాడ్జి మేడమీది కిటికీలోంచి చూస్తే లోయకు అవతలి కొండ మొత్తం కనిపిస్తుంది. ఆకురాలే కాలం వస్తే అది పచ్చ నుంచి పసుపుకు, పసుపు నుంచి ఎరుపుకు తిరుగుతుంది. అది చూడ్డానికే కింది ఊళ్ళ జనం వస్తారు. బయల్దేరే ముందు ఫోన్ చేసి, కొండ ఎర్రబడిందా అని అడుగుతారు. జవాబు చెప్పే హక్కు మా అత్తగారిది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఆ కిటికీ, ఆ ఫోను ఆవిడవే. ఇంకెవరైనా ముట్టుకుంటే ఊరుకోదు.

ఈ ఏడు మాత్రం గదులన్నీ ఖాళీ. మడతపెట్టిన దుప్పట్లు మడతపెట్టినట్టే ఉన్నాయి. ఒక పొద్దున నీళ్ళబకెట్‌తో మెట్లెక్కుతుంటే ఆవిడ ఫోన్లో మాట్లాడటం వినపడింది.

"ఎరుపెక్కడిదండీ, ఒకటే పొగమంచైతే! ఇప్పుడు రాకండి."

బకెట్ అక్కడే దించి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కొండ కొండంతా ఎర్రగా మెరిసిపోతోంది.

"అత్తయ్యా! ఏదీ పొగమంచు?"

"అదిగో, ఎదురుగా. నీకు కనపడ్డం లేదూ?"

నాకు ఒళ్ళు మండింది. వచ్చేవాళ్ళందర్నీ ఇలా తిప్పి పంపుతోందన్నమాట! అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు వంటింట్లో గిన్నెలన్నీ దడదడలాడించాను. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ నీళ్ళు గ్లాసులో కాకుండా పక్కన బల్లమీద పోసింది. అప్పటికిగానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు.

"అత్తయ్యా, ఒకసారి కళ్ళ డాక్టరుకు..."

"నా కళ్ళకేం? నిక్షేపంలా ఉన్నాయి!" గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కళ్ళద్దాలు తీసి రెండుసార్లు తుడిచింది.

"మా అమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అని మావారు మెల్లగా జారుకున్నారు. మహానుభావుడు!

సాయంత్రం పక్కన కూచుంటే ఆవిడే నోరు విప్పింది.

"డాక్టరు ఆపరేషన్ అంటాడు. అది చేశాక ఉన్న చూపు కూడా పోతే? ఇప్పుడు మంచైనా కనపడుతోంది కదే."

నా కోపమంతా ఎటు పోయిందో! చెయ్యి పట్టుకున్నాను.

"నేను పక్కనే ఉంటాను. ఆకులు రాలకముందే వెళ్ళొద్దాం, పదండి."

కింది ఊరి ఆస్పత్రిలో ఆవిడ కళ్ళలో శుక్లాలు తీశారు. తిరిగొచ్చేసరికి సగం ఆకులు రాలిపోయాయి, మిగిలిన సగం మాత్రం నిప్పుల్లా ఉంది. ఆవిడ కిటికీ దగ్గర నిలబడి, "అబ్బ, ఎంత ఎరుపే!" అంటూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఆ సంబరం నాకు చెప్పబోతూ ఇటు తిరిగి, నన్ను చూసి ఆగిపోయింది.

"ఇదేమిటే, జుట్టంతా ఇలా నెరిసిపోయింది?"

"ఎప్పుడో నెరిసింది అత్తయ్యా."

"నాకు నల్లగానే కనిపించేది. కొత్తకోడలివేగా అని చాకిరీ అంతా నీకే చెప్పాను."

"పోనీ, రంగేసుకోమంటారా?"

"వద్దే. ఇన్నాళ్ళకు సరిగ్గా చూస్తున్నాను," అంటూ నా గడ్డం పట్టుకుంది. "ఇటు వెలుతురులోకి తిరుగు."