ఒకే వాకిలి

శనివారం వచ్చిందంటే ఆ పెంపుడు జంతువుల దుకాణంలో కాలు పెట్టే సందుండదు. సరుకులు వేసుకునే తోపుడు బండ్లలో కూర్చుని కుక్కపిల్లలు ఊరేగుతుంటే చూసేవాళ్లకు ఎంత ముచ్చటో! ఆ ముచ్చట వెనకాల, అరలన్నీ దాటాక చిట్టచివర ఒక అద్దాల గది ఉంది. అదే ఆసుపత్రి. దానికి వేరే దారి లేదు. జబ్బు జంతువైనా సరే, సరుకుల మధ్య నుంచే పోవాలి. వచ్చినవాళ్ల చూపు నాలుగు వస్తువుల మీద పడాలని యజమాని ఆలోచన.

ఆ శనివారం ఒక ఇల్లాలు నెత్తుటి విరేచనాలతో వేలాడిపోతున్న కుక్కపిల్లను తెచ్చింది. చూడగానే డాక్టరమ్మకు అర్థమైంది, పార్వో అనే అంటుజబ్బు. కుక్కపిల్లల పాలిటి మృత్యువు.

"దీన్ని ఎలా తెచ్చారమ్మా?"

"గుమ్మం దగ్గర బండి ఉంటే అందులో పడుకోబెట్టి తోసుకొచ్చానండి. మీ గది బయటే వదిలేశాను."

డాక్టరమ్మ గబగబా బయటికి వచ్చి చూస్తే ఆ బండి లేదు. ఎవరో తీసుకుపోయారు. పరుగున వెళ్లి మేనేజరును పట్టుకుంది.

"బండ్లన్నీ ఆపించండి సార్. బ్లీచింగ్ నీళ్లతో కడిగించాలి. ఈ పూటకి కుక్కపిల్లల్ని లోపలికి రానివ్వొద్దు."

"శనివారం పూటా? భలేవారే! తడిగుడ్డతో తుడిపిస్తాలెండి."

"తడిగుడ్డకి పోయే జబ్బు కాదండీ!"

"మెల్లగా, కస్టమర్లు వింటారు. మీ గది మీరు చూసుకోండి, షాపు నేను చూసుకుంటా."

ఇలాగే ఎదురుచెప్పిన డాక్టరును పంపించేసి ఆ కుర్చీలో తనను కూర్చోబెట్టారని ఆవిడకు తెలుసు. అక్కడున్నవాళ్లకు చెప్పకుండానే గదిలోకి వెళ్లిపోయింది. ఆ రోజంతా తన మీద తనకే అసహ్యం వేసింది.

వారం తిరగకముందే, బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మనవరాలితో వచ్చాడు. ఆ పాప చేతుల్లో కుక్కపిల్ల. అవే విరేచనాలు.

"టీకాలు ఇంకా పూర్తికాలేదమ్మా," అన్నాడాయన. "అందుకే గడప దాటించలేదు. శనివారం ఒక్కసారే, మెడపట్టీ కొందామని ఇక్కడికి తెచ్చాం. అప్పుడు కూడా నేల మురికని బండిలోంచి దింపనివ్వలేదు మా మనవరాలు."

డాక్టరమ్మ తెలిసిన వైద్యమంతా చేసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఆ కుక్కపిల్ల కన్ను మూసింది.

పాప వెక్కుతూ అడిగింది. "నేను దాని కాళ్లు కింద పెట్టనివ్వలేదు కదా ఆంటీ, మరి ఎలా వచ్చింది?"

ఏదో ఒకటి చెప్పి సర్దిపుచ్చవచ్చు. కానీ ఆ కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం ఆవిడ వల్ల కాలేదు.

"నీ తప్పేం లేదమ్మా. అంతకుముందే ఆ బండ్లలో ఒకదాంట్లో జబ్బు కుక్కపిల్లను తెచ్చారు. నాకు తెలుసు. తెలిసీ అందరికీ వినపడేలా చెప్పలేదు. తప్పు మాది."

అద్దం తలుపు తెరిచే ఉంది. కొనుగోలుదారులు ఒక్కొక్కరే ఆగిపోయారు. మేనేజరు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు.

"ఏంటమ్మా ఆ మాటలు? మా షాపులో అన్నీ రూల్సు ప్రకారమే ఉన్నాయి. ఆసుపత్రికి వేరే వాకిలి ఉండాలని ఏ రూల్లోనూ లేదు!"

"నిజమే, లేదు," అంది డాక్టరమ్మ. ఈసారి ఆవిడ గొంతు తగ్గించలేదు. "రేపే పశువైద్య మండలికి వెళ్లి జరిగిందంతా చెప్తాను. ఉద్యోగం పోతే పోనివ్వండి."

పెద్దాయన మనవరాలిని దగ్గరికి తీసుకుని, "నేనూ వస్తానమ్మా," అని డాక్టరమ్మకు చెప్పి మేనేజరు వైపు తిరిగాడు.

"మనుషుల ఆసుపత్రిని ఇలా కొట్టు లోపల పెడితే ఊరుకుంటామా బాబూ? ఇవి అడగలేవనేగా ఈ ధీమా! వైద్యానికి వేరే వాకిలి ఉండాలి. ఆ వాకిలి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో డాక్టరు చెప్పాలి గానీ, సరుకు అమ్ముకునేవాడు కాదు."