గుండిగలో గ్రే హారియర్స్

ఆదివారం పొద్దున్నే టీ తాగి, టోపీ పెట్టుకుని, చంకలో రికార్డు ప్లేయరుతో కూరమళ్ళకి బయలుదేరడం రాల్ఫ్ అర్విన్‌కి బొగ్గు గని మూతపడ్డప్పటి నుంచీ అలవాటు. అదే వేళకి చర్చికి వెళ్ళేవాళ్ళు దారిలో ఎదురయ్యేవారు. ఆయన వాళ్ళకి టోపీ ఎత్తేవాడు. వాళ్ళు రికార్డు ప్లేయరుకి తలూపేవారు. ఎవరి భక్తి వాళ్ళది.

స్కార్‌బర్న్ అనే ఆ గని ఊళ్ళో అందరూ పెంచేది లీక్ అనే ఉల్లికాడ. పేరుకే ఉల్లికాడ, సెప్టెంబరు పోటీల నాటికి పసిపిల్లాడి తొడంత లావెక్కుతుంది. దానికి ఎరువు కావాలి, నీళ్ళు కావాలి, వాటితో పాటు చుట్టుపక్కల వినబడేదంతా కావాలి. ఎండాకాలమంతా విన్నదాన్ని ఉడికేటప్పుడు తిరిగి వినిపిస్తుంది. తిన్నవాడి పళ్ళల్లో కాసేపు గుయ్యిమంటుంది కూడా. అందుకే స్కార్‌బర్న్ జనం వీలునామాల గురించీ, కోడళ్ళ గురించీ కూరమళ్ళ దగ్గర నోరెత్తరు. డోరీన్ పిగ్ ఒక ఏడు ఎత్తింది. గ్యాసు మీటరు చూడ్డానికొచ్చిన మనిషితో మడి గట్టు మీద నిలబడి, మొగుణ్ణి గురించి నాలుగు మాటలు సరదాగా చెప్పుకుంది. సెప్టెంబరులో క్లబ్బు విందులో మొగుడి చెంచా ఆ నాలుగు మాటలూ పొల్లు పోకుండా అప్పజెప్పింది. పిగ్ నెమ్మదస్తుడు. సూపు బాగుందని ముందు గిన్నె ఖాళీ చేసి, ఆ తరవాతే అడిగాడు.

రాల్ఫ్ తన కాడలకి టిన్ చాపెల్ పాటలు వినిపించేవాడు. కంచెకి అవతల సెల్విన్ హెడ్లీ తన కాడలకి గ్రే హారియర్స్ పాటలు వినిపించేవాడు. ఇద్దరూ ఒకే గనిలో, ఒకే సొరంగంలో పనిచేసినవాళ్ళు. రెండు రాక్ బృందాలూ టైన్ నదికి చెరో ఒడ్డున పుట్టి, డెబ్బైల్లో దేశాన్ని ఊపేసి, ఎప్పుడో చెదిరిపోయాయి. చాపెల్ గాయకుడు ఇప్పుడు పరుపులమ్ముకుంటున్నాడు. హారియర్స్ గిటారిస్టు అతని దగ్గరే పరుపు కొన్నాడని కూడా చెప్పుకుంటారు. వాళ్ళు వదిలేసిన తగవుని స్కార్‌బర్న్ మాత్రం వదల్లేదు. కాడలకి ఆ పాటలు పెట్టేది ఈ ఇద్దరే గాని, ఊరంతా చెరో పక్షం కట్టింది.

శుక్రవారం సాయంత్రం గని క్లబ్బులో గ్లాసులు నిండగానే మొదలయ్యేది.

"మీ గిటారువాడు చేతికి ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని వాయిస్తాడురా," అనేవాడు రాల్ఫ్.

"మీ డ్రమ్మరు మెట్ల మీంచి దొర్లుతూనే ఉంటాడు. పాట అయిపోతుంది గాని వెధవకి నేల తగలదు," అనేవాడు సెల్విన్.

తీర్పు చెప్పేది గుండిగ. పోటీ అయ్యాక ఊరి కాడలన్నీ తరిగి, మటన్ ఎముకలూ బార్లీ వేసి క్లబ్బు వంటింట్లో ఉడకబెట్టేవారు. ఆవిరిలో ఎవరి పాట గట్టిగా వినిపిస్తే ఆ ఏడు వాళ్ళ బృందమే గొప్పది. ఓడినవాళ్ళు గుండిగ తోమాలి. ఆ సూపుని రాల్ఫ్, సెల్విన్ మాత్రం ఏనాడూ నోట పెట్టలేదు. అందులో అవతలివాడి పాట కలిసి ఉంటుందని ఒట్టు పెట్టుకున్నారు. ఊరంతా వేడి వేడి సూపు తాగుతుంటే ఈ ఇద్దరూ చెరో మూల కూచుని చల్లారిన మాంసం రొట్టెలు నమిలేవారు.

ఆ ఏడు వేసవి మొదట్లో క్లబ్బు సెక్రెటరీ డెస్మండ్ కార్ ఒక వార్త మోసుకొచ్చాడు. వార్తలు మోయడంలో డెస్మండ్ మంచి ఓపికస్తుడు. తన ఇంటి కప్పు బాగుచేయించుకునే విషయంలోనే ఆ ఓపిక ఉండదు.

"సెల్విన్ మడి వదిలేస్తున్నాట్ట రాల్ఫ్. పోటీ అవగానే హెక్సమ్‌లో చెల్లెలి దగ్గరికి పోతాట్ట. ఇక రాట్ట."

"ఎందుకూ?"

"నడుం నొప్పంటాడు."

రాల్ఫ్ నమ్మలేదు. సెల్విన్‌కి ఆ చెల్లెలంటే పడదు. ఆవిడ హార్మోనియం వాయిస్తుంది. నడుం నొప్పి గనిలో దిగినవాళ్ళందరికీ ఉన్నదే. మరుసటి శుక్రవారం నేరుగా అడిగేశాడు.

"ఏరా, హెక్సమ్ పోతున్నావుట. ఏం పుట్టింది నీకు?"

సెల్విన్ గ్లాసు దించి, మీసం తుడుచుకుని, "మెట్ల మీంచి దొర్లుతూనే ఉంటాడు, నేల తగలదు," అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఎప్పట్లాగే నవ్వారు. రాల్ఫ్ నవ్వలేదు. ఇంటికి వెళ్తూ దారంతా ఆ జవాబుని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

ఆదివారం మడి దగ్గర ఇంకోటి కనిపించింది. కంచెకి అవతల సెల్విన్ బకెట్టు బోర్లించుకుని కూచున్నాడు. రికార్డు తిరుగుతోంది. ముల్లు దాని మీదే ఉంది. సెల్విన్ కళ్ళు మూసుకుని మోకాలి మీద తాళం వేస్తున్నాడు. పాట మాత్రం లేదు. పక్క మళ్ళో తేనెటీగ తిరిగే చప్పుడు కూడా వినబడుతోంది. రాల్ఫ్ కంచె మీదికి వంగి చూశాడు. స్పీకరు తీగని ఎలుక కొరికేసింది, ఇవాళో నిన్నో కాదు. తెగిన కొసలు చిలుము పట్టి ఉన్నాయి.

రాల్ఫ్ గొంతు సవరించుకుని, సెల్విన్ వీపుకి అడుగు దూరంలో నిలబడి, ఊరు ఊరంతా వినేలా అరిచాడు.

"గ్రే హారియర్స్ గిటారువాడు ఉన్ని గ్లవ్స్ తొడుక్కుని వాయిస్తాడు!"

ఆ మాటకి ముప్పై ఏళ్ళుగా సెల్విన్ కూచున్నచోట కూచుని ఉన్నది లేదు. ఇప్పుడు తాళం కూడా తప్పలేదు.

రాల్ఫ్ తన రికార్డు ప్లేయరు మూసేసి ఇంటికొచ్చాడు. పెళ్ళాం ఈనిడ్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"సెల్విన్‌కి చెవుడు," అన్నాడు.

"ఎంత?"

"పూర్తిగా. తీగ తెగి రికార్డు మోగకపోయినా తాళం వేస్తున్నాడు."

ఈనిడ్ కత్తి ఆపింది. "ఎప్పట్నించీ?"

"తెలీదు. ఏడాదో, రెండేళ్ళో."

"చెవిటివాడితో రెండేళ్ళు పోట్లాడి నీకు తెలీలేదా?"

"జవాబులు సరిగ్గానే చెప్పేవాడు!"

"ఏం జవాబులు? మన పెళ్ళి విందులో వాడు చెప్పినవేగా! నువ్వడిగేవీ అవే, వాడు చెప్పేవీ అవే. ఆమాత్రం దానికి చెవులెందుకు?" ఈనిడ్ మళ్ళీ దుంప అందుకుంది. "గనిలో డ్రిల్లు పట్టుకున్నవాళ్ళలో చెవులు మిగిలినవాడెవడు? చెవి మిషను పెట్టుకోమని డాక్టరు చెప్పే ఉంటాడు."

"అందులోంచి గిటారు వింటే మూకుడులో చేప వేగినట్టుంటుందని గని మనుషులంతా అనేదేగా. అందుకే పెట్టుకోడు."

"అందుకే పోతున్నాడు. పాట మోగుతోందో లేదో వాడికే తెలీదు. గుండిగ ఈసారి వాడి పాట పాడకపోతే అందరికీ తెలిసిపోతుంది. జాలి పడతారు. సెల్విన్ హెడ్లీ మీద జాలి పడితే వాడు బతకడు."

రాల్ఫ్ కిటికీలోంచి బయటికి చూశాడు. "అంటే ఈసారి నేనే గెలుస్తాను. గెలుపంటే గెలుపు. ఇక హారియర్స్ ఊసే ఉండదు."

"గెలువు. గెలిచి ఎవరికి చెప్పుకుంటావు?"

ఈనిడ్ దుంపలన్నీ గిన్నెలో పడేసి, చేతులు తుడుచుకుంటూ, తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "చెవులు పోతే పోయాయి. పళ్ళు వాడి సొంతవేగా."

రాల్ఫ్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బస్సెక్కి ఆనిక్ వెళ్ళాడు. స్కార్‌బర్న్‌వాళ్ళెవరూ వెళ్ళని వీధి వెతుక్కుని, పాత సామాన్ల దుకాణంలో దూరి, గ్రే హారియర్స్ రికార్డొకటి కొన్నాడు. మొహం ఎర్రబడి ఉండడం చూసి, కొట్లో అమ్మాయి "ఏదైనా సంచీలో పెట్టమంటారా?" అనడిగింది. "రెండు సంచుల్లో పెట్టమ్మా," అన్నాడు.

ఆలోచన చిక్కుగా ఉంది. పళ్ళతో వినాలంటే సెల్విన్ సూపు తాగాలి. చాపెల్ చుక్క కలిసినా తాగడు. అంటే గుండిగలో పడే కాడల్లో, సెల్విన్‌వే కాదు, రాల్ఫ్‌వి కూడా హారియర్సే వినుండాలి. రాల్ఫ్ తన స్పీకరుని కంచె వైపు తిప్పి, రెండు మళ్ళకీ మధ్యగా పెట్టి, ముల్లు దించాడు. చాపెల్ విన్న లేత కాడలని ముందే పీకి ఎరువు గుంటలో వేశాడు. ఆలస్యంగా నాటిన పిలకలే మిగిలాయి. వాటితో బహుమతి రాదని చూడగానే తెలుస్తోంది.

సెల్విన్ నుంచి దాక్కునే పని లేకపోయింది. ఊరి నుంచే ఉంది.

"ఎండ తలకెక్కిందా రాల్ఫ్?" అని ఒకడు. "ఈనిడ్‌కి తెలుసా ఈ సంగతి?" అని ఇంకొకడు. డెస్మండ్ అయితే రోజూ వచ్చి కంచె పట్టుకుని నిలబడి, అంత్యక్రియలకి వచ్చినట్టు టోపీ తీసేవాడు.

"శత్రువు ఏం చేస్తున్నాడో తెలుసుకోవద్దా?" అనేవాడు రాల్ఫ్.

"ఎండాకాలమంతానా?"

"మొండి శత్రువు."

రికార్డులో రెండోవైపు ఒక గీత పడి ఉంది. నెమ్మదిగా సాగే పాటలో గిటారు అందుకునే ముందు టిక్కుమని ఒక చిన్న గెంతు. మొదట్లో రాల్ఫ్‌కి ఆ గెంతు ఒక్కటే నచ్చేది. ఆగస్టు నాటికి ఆ గెంతు తరవాత వచ్చేది కూడా ఆగి వింటున్నాడని కంచె దగ్గర నిలబడ్డవాళ్ళు కనిపెట్టారు. అడిగితే కలుపు తీస్తున్నానన్నాడు. చేతిలో కలుపు లేదు.

సెల్విన్ మాత్రం బకెట్టు మీద కూచుని, తన మూగ రికార్డు ముందు తాళం వేసుకుంటూ ఉండేవాడు. ఒక్కొక్కసారి కంచె అవతల మోగే పాటకీ, సెల్విన్ మోకాలి మీది తాళానికీ వరస కలిసేది. అప్పుడు రాల్ఫ్ పార ఆనించి నిలబడిపోయేవాడు.

పోటీలో మొదటి బహుమతి మిస్ థర్ల్‌వెల్ కొట్టేసింది. ఆవిడ తన కాడలకి రేడియోలో ఓడల వాళ్ళకి చెప్పే వాతావరణం తప్ప ఏమీ వినిపించదు. రాల్ఫ్ కాడలని చూసి తీర్పరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత మర్యాదగా దాటిపోయారు.

సాయంత్రం కాడలన్నీ గుండిగలో పడ్డాయి. జనం వంటింటి గుమ్మం దగ్గర గుమిగూడారు. నీళ్ళు మరిగాయి. ముందు మిస్ థర్ల్‌వెల్ కాడలు ఉత్తర సముద్రంలో ఓ మోస్తరు గాలులని చెప్పాయి. ఆ గాలుల్లోంచి గ్రే హారియర్స్ లేచింది. గుండిగ మూత ఎగిరేంతగా లేచింది. టిన్ చాపెల్ ఊసే లేదు.

చాపెల్ పక్షం వాళ్ళు రాల్ఫ్ వైపు తిరిగారు. "అమ్ముడుపోయావురా!" అన్నాడొకడు.

హాల్లో ఓ మూల సెల్విన్ మాంసం రొట్టె ముందు పెట్టుకుని కూచున్నాడు. జనం మొహాలు చూస్తున్నాడు. తన పాట రాలేదని, అందరికీ తెలిసిపోయిందని అనుకున్నాడో ఏమో, ప్రయాణానికి వేసుకొచ్చిన కోటుకి గుండీలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

ఈనిడ్ గిన్నె నింపి రాల్ఫ్ చేతిలో పెట్టి, మోచేత్తో పొడిచింది. రాల్ఫ్ వెళ్ళి గిన్నెని సెల్విన్ ముందుంచాడు. సెల్విన్ తల అడ్డంగా ఊపాడు. రాల్ఫ్ ఒంగుని, పెదాలు బాగా కదిలేలా, ఒక్కొక్క మాటే అన్నాడు.

"చాపెల్ లేదు. ఒక్క చుక్క లేదు."

అది అబద్ధం చెప్పే మొహం కాదు. ఓడిపోయిన మొహం. సెల్విన్‌కి ఆ మొహం బాగా ఎరుక. చెంచా అందుకున్నాడు.

మొదటి గుక్కకి ఏమీ కాలేదు. రెండో చెంచాలో లావుపాటి కాడ ముక్క వచ్చింది. కొరికాడు. దవడ ఆగిపోయింది. ముక్క నోట్లోనే పెట్టుకుని, మూసిన పళ్ళతో, ఎవరో తలుపు తట్టినట్టు బిత్తరపోయి కూచున్నాడు. బల్లకింద కాలు కదిలింది.

"ఇప్పుడు గిటారు," అన్నాడు సెల్విన్, చెవిటివాళ్ళు అరిచినట్టు అరిచి.

వంటింట్లో గుండిగ టిక్కుమని ఒక గెంతు గెంతి, గిటారు అందుకుంది.

సెల్విన్ గిన్నె ఊడ్చేశాడు. ఇంకోటి తెమ్మన్నాడు. అదీ ఊడ్చాడు. కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయ ఘాటు అన్నాడు. ఉడికిన ఉల్లికి ఘాటుండదని అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. ఆ తరవాత గిన్నెలోకి చూస్తూ నుదురు చిట్లించాడు.

"రెండోవైపు గీత పడింది. నా రికార్డుకి గీత లేదే!"

తలెత్తి ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి, రాల్ఫ్ దగ్గర ఆగాడు. రాల్ఫ్ అప్పటికే చొక్కా చేతులు పైకి మడిచి, గుండిగ తోమడానికి వంటింటి వైపు నడుస్తున్నాడు.

సెల్విన్ కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. తరవాత లేచి, ఇంకో పీచు ముక్క వెతుక్కుని, రాల్ఫ్ పక్కనే కూచుని తోమాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదట. అక్కడ గిన్నెలు తుడుస్తున్న డోరీన్ పిగ్ చెప్పింది.

హెక్సమ్ చెల్లెలికి కబురు వెళ్ళింది, నడుం నొప్పి తగ్గిందని. సెల్విన్ మడి సెల్విన్‌కే ఉండిపోయింది. మరుసటి వేసవి రాల్ఫ్ హారియర్స్ రికార్డుని కంచె మీంచి అవతలికి వినిపించేవాడు. ఒక్క వరస కాడలని మాత్రం దూరంగా, తన షెడ్డు వెనక పెంచాడు. వాటికి టిన్ చాపెల్ తప్ప ఇంకోటి తెలియకుండా కాపాడాడు. ఇంతకాలం సెల్విన్ చాపెల్‌ని చెవులతో విన్నాడు గాని, సరిగ్గా వినలేదని రాల్ఫ్ నమ్మకం. ఒకసారి ఎముకల్లోకి దిగితే ఎవడైనా ఒప్పుకోవాల్సిందేనని ఈనిడ్‌తో అన్నాడు. ఈనిడ్ పెద్ద కుండ తీసింది.

సెల్విన్‌ని భోజనానికి పిలిచారు. ఆయన ఒట్టు పక్కన పెట్టి, చెంచా పట్టుకుని, మొదటి పాట నుంచి చివరి పాట దాకా మెల్లగా, కళ్ళు మూసుకుని తిన్నాడు. డ్రమ్ములు పొడుగ్గా సాగేచోట చెంచా గాల్లో ఆపాడు. రాల్ఫ్ ఎదురుగా కూచుని ఆ చెంచానే చూస్తున్నాడు.

గిన్నె అయిపోయింది. సెల్విన్ మీసం తుడుచుకున్నాడు.

"ఉప్పు చాలలేదు," అన్నాడు.